సూది లేకుండా పన్ను మొద్దుబారుతుందా?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నాకు పదిహేను నిమిషాలు ఇచ్చి బడి జ్ఞాపకాలు చెప్పమన్నారు. ఆ పని నాకంటే బాగా చేసేవాళ్ళు ఈ సభలో చాలామంది ఉన్నారు. నేను ఒక మాట సరిదిద్దుకోవడానికి వచ్చాను.

కిందటేడు సర్వసభ్య సమావేశంలో నేనొక ప్రతిపాదన పెట్టాను. స్వర్ణోత్సవం సందర్భంగా మన బడిలోనూ, పక్కనున్న ప్రాథమిక పాఠశాలలోనూ పిల్లలకు పళ్ళ వైద్య శిబిరం పెడదామని, అందుకోసం సూది లేకుండా మత్తుమందు ఎక్కించే యంత్రం ఒకటి సంఘం తరఫున కొందామని. మీరంతా చప్పట్లు కొట్టారు. నలుగురు అక్కడికక్కడే చందాలు రాయించారు. ఇవాళ ఆ ప్రతిపాదనను మార్చమని నేనే అడగబోతున్నాను. ఎందుకో చెబుతాను.

ముందు ఆ యంత్రం మీద నాకెందుకంత మోజు పుట్టిందో చెప్పాలి. మా అమ్మాయికి ఏడేళ్ళప్పుడు కింది దవడ పన్ను పుచ్చి, రాత్రంతా ఏడ్చింది. పొద్దున్నే పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. దారిలో, స్కూటరు మీద నా ముందు నిలబడి, "నాన్నా, సూది వేస్తారా?" అని అడిగింది. "లేదమ్మా, ఊరికే చూస్తారంతే" అన్నాను. సూది వేస్తారని నాకు తెలుసు. అక్కడ కుర్చీలో పిల్ల కాళ్ళు నర్సు పట్టుకుంది, చేతులు నేను పట్టుకున్నాను. ఇంటికొచ్చాక నొప్పి గురించి ఒక్క మాట కూడా అనలేదు. "నువ్వు వెయ్యరని చెప్పావు కదా" అంది, అంతే. ఆ పిల్లకిప్పుడు ఇరవై నాలుగేళ్ళు. పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్తే ఇప్పటికీ నన్ను తోడు రానివ్వదు.

తప్పంతా సూదిదే అనుకున్నాను నేను. సూది లేకపోతే ఈ గొడవే ఉండదని. ఇంజనీరుని కదా, సమస్య కనబడగానే యంత్రం కోసం వెతుకుతాం.

అందులోనూ అది నా వృత్తికి దగ్గరి యంత్రం. ముప్ఫై ఏళ్ళుగా నేను డీజిల్ ఇంజన్లలో నూనెను పిచికారీ చేసే ఇంజెక్టర్ల మీద పనిచేస్తున్నాను. మన బడి తోటకు నీళ్ళు పెడుతూ రబ్బరు గొట్టం మూతికి బొటనవేలు అడ్డుపెడితే ధార గోడదాకా ఎందుకు ఎగిరేదో మన భౌతికశాస్త్రం మాస్టారు అడిగిన రోజు మీకు గుర్తుండే ఉంటుంది. నా ఉద్యోగమంతా ఆ ప్రశ్నే. డీజిల్ ఇంజెక్టరు మూతికి ఉండే రంధ్రాలు మిల్లీమీటరులో ఐదో వంతూ, పదో వంతూ ఉంటాయి. సూది లేని ఇంజక్షన్ పరికరం మూతి రంధ్రం కూడా దాదాపు అంతే. స్ప్రింగుతోనో, వాయువుతోనో మందును ఒక్కసారిగా నెడతారు. వెంట్రుకంత ధార చర్మాన్నో, చిగుళ్ళ మీది పొరనో చీల్చుకుని లోపలికి పోతుంది. పళ్ళ వైద్యానికి చేసిన ఒక పాత పరికరంలో ఒత్తిడి చదరపు అంగుళానికి 2000 పౌన్లు. వాతావరణ పీడనానికి సుమారు 135 రెట్లు. నష్టాలేవీ లేవనుకుంటే ఆ ధార వేగం సెకనుకు 160 మీటర్లు దాటుతుంది, అంటే గంటకు దాదాపు 600 కిలోమీటర్లు. మా డీజిల్ ఒత్తిడి ముందు ఇది చాలా తక్కువే. అయినా చర్మం దాటడానికి చాలు. మా షాపుల్లో కొత్తవాళ్ళకు మొదటిరోజే చెబుతాం, నడుస్తున్న ఇంజెక్టరు ముందు వేలు పెట్టొద్దని. పైకి చీమ కుట్టినంత గాటే కనబడుతుంది, లోపల నూనె వేలంతా పాకి ఆపరేషన్ దాకా పోతుంది. వైద్యులు ఈ పనిముట్టు వైపు చూడటానికి ఇలాంటి ప్రమాదాలు కూడా ఒక కారణం. అమెరికాలో 1940ల చివరికే దీన్ని మనుషుల మీద వాడారు.

మన దేశానికి కూడా ఇది కొత్తేం కాదు. 2021 ఆగస్టులో అహ్మదాబాదుకు చెందిన జైడస్ సంస్థ కోవిడ్ టీకా జైకోవ్-డికి అత్యవసర అనుమతి వచ్చింది. మనుషులకు అనుమతి పొందిన మొదటి డీఎన్ఏ టీకా అది. దాన్ని ఇచ్చేది సూదితో కాదు, ఇలాంటి ధారతోనే. ఆ వార్త చదివిన రోజే నాకు మా అమ్మాయి గుర్తొచ్చింది. ఆ ఊపులోనే మీ ముందు ప్రతిపాదన పెట్టాను.

ప్రతిపాదన పెట్టాక మన బడిలోనే నాకంటే నాలుగేళ్ళు వెనక చదివిన ఒక చెల్లెలు ఫోన్ చేసింది. ఆమె ఇప్పుడు పిల్లల పళ్ళ డాక్టరు. పేరు చెప్పొద్దంది, చెప్పను. "అన్నయ్యా, యంత్రం కొనేముందు ఒక్క రోజు నా క్లినిక్‌లో కూర్చో" అంది. ఒక్క రోజు కాదు, నాలుగు శనివారాలు కూర్చున్నాను. అక్కడ నేర్చుకున్నదే ఇప్పుడు మీకు చెప్పేది.

మొదటిది, మందు. పన్ను మొద్దుబారడానికి మన దగ్గర ఎక్కువగా వాడేది లిగ్నోకెయిన్. దీన్ని 1943లో స్వీడన్‌లో నిల్స్ లోఫ్‌గ్రెన్ తయారుచేశాడు. ఆయన దగ్గర పనిచేసిన బెంగ్ట్ లుండ్‌క్విస్ట్ అనే కుర్రవాడు తన శరీరం మీదే ప్రయోగించుకుని చూశాడు. అంతకుముందు 1884లో వియన్నాలో కార్ల్ కొల్లర్ కొకెయిన్ చుక్కలు వేసి కన్ను మొద్దుబారుతుందని చూపించాడు. చూశారా, ఈ కథ మొదలైందే సూది లేకుండా! కంటిపొర పలచన కాబట్టి చుక్క చాలింది. పంటికి అలా కుదరదు. నొప్పి తెలిసే నరం చిగురు మీద లేదు, పంటి లోపల ఉంది. అక్కడికి మందు చేరాలంటే చిగురు దాటాలి, ఎముక దాటాలి.

చిగురు మీద పూసే జెల్లీలు, స్ప్రేలు చాలా ఉన్నాయి. అవి పైనుంచి రెండు మూడు మిల్లీమీటర్ల లోతు వరకే మొద్దుబారుస్తాయి. ఊగిపోతున్న పాలపన్ను తీయడానికి అది చాలవచ్చు. లోతుగా పుచ్చిన పన్నుకు చాలదు.

జెల్లీని బలంగా చేయడానికి ఒక చక్కని ఉపాయం ఉంది. మన సైన్సు ఎగ్జిబిషన్లో రేడియో చేస్తూ సోల్డరింగుతో చేతులు కాల్చుకున్నవాళ్ళకు ఇది వెంటనే అర్థమవుతుంది. తగరం 232 డిగ్రీల దగ్గర కరుగుతుంది, సీసం 327 దగ్గర. 63 పాళ్ళు తగరం, 37 పాళ్ళు సీసం కలిపితే ఆ మిశ్రమం 183కే కరుగుతుంది. మందుల్లోనూ అంతే. లిగ్నోకెయిన్ 68 డిగ్రీల దగ్గర కరిగే పొడి. ప్రిలోకెయిన్ 38 దగ్గర కరుగుతుంది. రెండూ సమంగా కలిపితే గది వేడికే నూనెలా అయిపోతాయి. అలా చేసిన క్రీము 1980ల్లో వచ్చింది. రక్తం తీసేముందు పిల్లల చేతికి రాస్తారు. కాని చర్మం మీద అది పనిచేయడానికి గంట పడుతుంది. నోట్లో గంటసేపు ఏది నిలుస్తుంది? ఉమ్మి కడిగేస్తుంది. ఇదే మిశ్రమంతో చిగుళ్ళ సందుల్లో పెట్టే జెల్ కూడా వచ్చింది. అది పెద్దవాళ్ళకు గార తీసేటప్పుడు వాడేది.

ముక్కులో కొట్టే స్ప్రే ఒకటి వచ్చింది. 2016లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ అనుమతించింది. ముక్కులో కొడితే పై పళ్ళు మొద్దుబారతాయి. ఇది వినగానే నేను ఎగిరి గంతేశాను. చెల్లెలు నవ్వి, "చివరిదాకా చదువు అన్నయ్యా" అంది. పై దవడలో ముందువైపు పది పళ్ళకే అది పనికొస్తుంది. కింది దవడకు అసలు పనిచేయదు. పైగా 40 కిలోల బరువుంటేనే వాడాలి. ఆరేళ్ళ పిల్ల బరువెంత? ఇరవై కిలోలు. ఎవరికోసమైతే సూది వద్దనుకుంటున్నామో, వాళ్ళకే అది లేదు.

ఇక నా యంత్రం. పై దవడ ఎముక పలచగా, గుల్లగా ఉంటుంది. పంటి వేరు దగ్గర మందు పడితే లోపలికి ఇంకుతుంది. అందుకని పైపళ్ళకు, ముందు పళ్ళకు, చిగురు మొద్దుబారితే సరిపోయే పనులకు ధార పరికరం బాగానే సాయపడుతుంది. కింది దవడ వెనకభాగం గట్టి ఎముక. అక్కడి దవడ పళ్ళకు లోతైన పని చేయాల్సొస్తే నరం దవడలోకి దిగే చోటే మందు పడాలి. పెద్దవాళ్ళలో అది రెండు, రెండున్నర సెంటీమీటర్ల లోతు, పిల్లల్లో కొంచెం తక్కువ. కొద్ది చుక్కలతో కొద్ది మిల్లీమీటర్లు పోయే ధార అక్కడికి చేరదు. ధార కొట్టాక మళ్ళీ సూదీ వెయ్యాల్సి వస్తుంది. అంటే పిల్లకు ఒకటి బదులు రెండు.

ఒక శనివారం అమ్మకానికొచ్చిన కంపెనీ కుర్రాడు పరికరం చూపించాడు. దాన్ని మొదట నా చిగురు మీదే ప్రయోగించమన్నాను. నొప్పి లేదు. కాని 'టప్'మని తుపాకీ పేలినట్టు చప్పుడు, ఆ వెంటనే నోరంతా చేదు, కాస్త రక్తం. కుర్చీ పక్కన తన వంతు కోసం కూర్చున్న ఆరేళ్ళ పిల్లాడు ఆ చప్పుడుకే లేచి వాళ్ళమ్మ వెనక దాక్కున్నాడు. సూది కనబడనేలేదు, భయం మాత్రం పోలేదు. కొందరు పిల్లలు ఆ చప్పుడును ఆటగా తీసుకుంటారు, కొందరు సూదే నయమంటారు. పరిశోధనల్లోనూ ఫలితాలు అటూ ఇటూగానే ఉన్నాయని ఆమె చెప్పింది.

శుభ్రత సంగతి కూడా ఉంది. 1980ల మధ్యలో కాలిఫోర్నియాలో ఒక క్లినిక్‌లో ఇలాంటి పరికరం వల్లే కామెర్లు తెచ్చే హెపటైటిస్-బి ఒకరి నుంచి ఒకరికి పాకింది. ధార తగిలినప్పుడు వెనక్కి చిమ్మే రక్తం మూతికి అంటుకోవడమే కారణం. అందుకే ఇప్పటి పరికరాల్లో మూతిభాగం ఒక్కసారి వాడి పారేసేది వస్తోంది. అంటే యంత్రం కొనడంతో ఖర్చు తీరదు. ప్రతి పిల్లకూ కొత్త మూతి కొనాలి, లేకపోతే యంత్రం బీరువాలో ఉంటుంది. బళ్ళకు దానంగా వచ్చి బీరువాల్లో మగ్గుతున్న యంత్రాల సంగతి ఈ సభలో ఉన్న ప్రధానోపాధ్యాయులకు నేను చెప్పక్కరలేదు.

మరి ఆ పిల్లాడికి ఏంచేసింది మన చెల్లెలు? సూదే వేసింది. ఎలా వేసిందో గడియారం పెట్టుకుని చూశాను. ముందు చిగురును దూదితో పొడిగా తుడిచింది. జెల్లీ కొంచెమే, పెసరగింజంత పెట్టి, రెండు నిమిషాలు కదలకుండా ఆగింది. చాలామంది ఈ రెండు నిమిషాలు ఆగరట. ఇలా పెట్టి అలా పొడుస్తారు, జెల్లీ పనిచేయలేదంటారు. తర్వాత సన్నని సూది. సూదుల నంబర్లు మన తీగల గేజీ లాంటివే, నంబరు పెరిగేకొద్దీ సన్నం. మామూలు సిరంజితో వచ్చే 24 నంబరు సూది అర మిల్లీమీటరు పైన లావు, ఆమె వాడేది 30, దాదాపు దాంట్లో సగం. సూదికన్నా ముఖ్యం వేగమట. మందు పుల్లటిది, ఆమ్లం. గబగబా తోస్తే మంట, కండ సాగి నొప్పి. నిమిషానికి ఒక మిల్లీలీటరు మించకుండా చుక్క చుక్కగా దింపింది. అంతసేపూ రెండో చేత్తో పిల్లాడి బుగ్గ పట్టుకుని ఊపుతూనే ఉంది. దెబ్బ తగిలినచోట మనం రుద్దుకుంటాం కదా, అదే కిటుకు. రుద్దిన స్పర్శ వెన్నుపాములో నొప్పి సంకేతానికి అడ్డుపడుతుందని 1965లో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు సిద్ధాంతం చెప్పారు. మన అమ్మమ్మలు సిద్ధాంతం లేకుండానే రుద్దారు.

వీటన్నిటికంటే ముందు ఆమె చేసిన పని ఇంకొకటుంది. పిల్లాడి కళ్ళలోకి చూసి నిజం చెప్పింది. "చిన్నా, ముందు జెల్లీ పూస్తా, చేదుగా ఉంటుంది. తర్వాత చిన్న సూదితో మందు వేస్తా. కాస్త చురుక్కుమంటుంది. తర్వాత పెదవి లావైనట్టు అనిపిస్తుంది, నిజంగా లావవదు. నీకు ఇబ్బందైతే ఎడమ చెయ్యి ఎత్తు, ఆపేస్తా" అంది. సగంలో పిల్లాడు చెయ్యెత్తాడు. నిజంగానే ఆపేసింది. సూది తీసి, ఊపిరి పీల్చుకోనిచ్చి, అడిగి, మళ్ళీ మొదలుపెట్టింది. మా ఫ్యాక్టరీలో ప్రతి యంత్రానికీ ఎర్ర బొత్తాం ఉంటుంది. అది నొక్కితే యంత్రం ఆగి తీరాలి. ఒక్కసారి నొక్కినా ఆగకపోతే ఇక ఏ కార్మికుడూ దాని దగ్గరికి పోడు. నేను మా అమ్మాయి చేతులు రెండూ పట్టుకున్నప్పుడు ఆ ఎర్ర బొత్తాన్నే పట్టుకున్నానని ఆ కుర్చీ పక్కన కూర్చున్నాకే తెలిసింది.

మన వయసువాళ్ళందరికీ భుజం మీద టీకా మచ్చ ఉంటుంది. మశూచి నిర్మూలనలో ఆఫ్రికాలో కాలితో తొక్కే ధారయంత్రాలు వాడారు. గంటకు వెయ్యిమందికి వెయ్యగలవు. మన దేశంలో ఊరూరా తిరిగి ఆ పని చేసింది మాత్రం ఎక్కువగా ఒక చిన్న రెండు మొనల సూది. మరమ్మతులు అక్కర్లేదు, ఉడకబెడితే శుభ్రం, ఎవరికైనా కొద్దిసేపట్లో నేర్పవచ్చు. 1975లో మన దేశంలో చివరి కేసు. గొప్ప యంత్రం కంటే వాడేవాళ్ళ చేతికి సరిపోయిన పనిముట్టే ఆ పని పూర్తిచేసింది.

అందుకని నా సవరణ ఇది. యంత్రం కోసం పోగైన డబ్బును నాలుగు పనులకు వాడదాం.

ఒకటి, సూది అవసరమే రాని దశలో పట్టుకోవడం. ఒకటి నుంచి ఐదు తరగతుల పిల్లలందరికీ ఏడాదికి రెండుసార్లు పళ్ళ పరీక్ష. ఆరేళ్ళకు వెనక వచ్చే దవడ పన్ను పాలపన్ను కాదు. దాన్ని రాలిపోయేదేననుకుని ఎంతమంది వదిలేస్తున్నామో! అది పోతే మళ్ళీ రాదు.

రెండు, మొదట్లో ఉన్న పిప్పిని ఆపే మందు. సిల్వర్ డయమీన్ ఫ్లోరైడ్ అని, బ్రష్షుతో పూసేది. సూది లేదు, డ్రిల్లు లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో దీన్ని అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. పూసినచోట పిప్పి నల్లబడుతుంది. ఆ సంగతి తల్లిదండ్రులకు ముందే ఫొటో చూపించి చెప్పి, ఒప్పుకుంటేనే పూయాలి. నరందాకా పుచ్చిన పంటికి ఇది చాలదు. ఎవరికి పనికొస్తుందో డాక్టరే చెప్పాలి.

మూడు, సూది తప్పని పిల్లలకు పట్నం క్లినిక్‌కు రానుపోను ఖర్చు, ఒకరు తోడు. సన్న సూదులు, జెల్లీ సంఘం కొనిద్దాం. మొద్దుబారిన పెదవిని పిల్లలు తెలియక కొరుక్కుంటారు. మత్తు దిగేదాకా తోడు వెళ్ళినవాళ్ళు కనిపెట్టుకుని ఉండాలి. ధార పరికరం కావాలా అన్నది ఏడాది తర్వాత ఆ డాక్టర్లే చెబుతారు, నేను చెప్పను.

నాలుగోదానికి పైసా ఖర్చు లేదు. "అల్లరి చేస్తే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి సూది వేయిస్తా" అనే మాట ఇళ్ళల్లోనూ, బడిలోనూ మానేద్దాం. గురువులు క్షమించాలి, ఆ మాట ఈ బడిలో నేనూ విన్నాను, మా ఇంట్లో నేనూ అన్నాను. పిల్లలు "సూది వేస్తారా?" అని అడిగితే తెలిసింది చెబుదాం. తెలియకపోతే "తెలియదమ్మా, ఇద్దరం కలిసి డాక్టరుగారిని అడుగుదాం" అందాం.

చందాలు రాయించిన ఆ నలుగురికి నేను విడివిడిగా ఫోన్ చేసి ఈ మార్పు చెప్పాను. ముగ్గురు ఒప్పుకున్నారు. నాలుగో ఆయన, "యంత్రమైతే దాని మీద మా నాన్నగారి పేరు రాయించేవాణ్ణి" అన్నారు. ఆయన బాధ న్యాయమైనదే. పరీక్ష చేసిన ప్రతి పిల్లకూ ఇచ్చే పళ్ళ కార్డు మీద వాళ్ళ నాన్నగారి పేరు అచ్చు వేయిద్దామని కార్యవర్గాన్ని కోరుతున్నాను. బీరువాలో యంత్రం మీద కంటే ఇంటింటికీ వెళ్ళే కార్డు మీద ఆ పేరును ఎక్కువమంది చదువుతారు.

ఈ ప్రసంగం రాసి మా అమ్మాయికి పంపాను. తన సంగతి చెప్పవచ్చా అని అడిగాను. "చెప్పు నాన్నా, కాని స్కూటరు మీద అడిగింది ఒకసారి కాదు, మూడుసార్లు" అని రాసింది. ఆ సవరణ కూడా మీ ముందు పెడుతున్నాను.